యాభై అని రాసిన డెబ్బై అయిదు

ఆరేళ్లుగా ఒక అంకె నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పాప పడుకుంది.

బీఫార్మసీ అయ్యాక హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేశాను. నీళ్లలో బాగా కరిగి, పేగు గోడ దాటి సులువుగా రక్తంలో కలిసే మందైతే, దాన్ని కొత్తగా తయారుచేసేవాళ్లు ఒక మినహాయింపు అడగొచ్చు. మనుషులకు మింగించి రక్తం తీసి చూడక్కర్లేదు. గాజు పాత్రలో ఆ మాత్ర అసలు మాత్రలాగే వేగంగా కరిగితే చాలు. మనిషి బదులు పాత్రే సాక్ష్యం. ఆ సాక్ష్యం రాసేది నేను.

మా బీపీ మాత్ర కడుపులోని ఆమ్లం లాంటి ద్రవంలో ఇట్టే కరిగింది. పేగుల్లోని ద్రవం లాంటిదాంట్లో మాత్రం దాని పొడి, పాత్రలో ద్రవాన్ని కలిపే తెడ్డు కింద కుప్పగా కూర్చుంది. తెడ్డు నిమిషానికి యాభై సార్లే తిరగాలి. డెబ్బై అయిదుకు పెంచాను. కుప్ప చెదిరి కరిగింది. రికార్డులో యాభై అని రాశాను.

ఎందుకు? లేకపోతే రక్తం ఇవ్వాల్సొచ్చే పాతికమందికి సూదులు తప్పించానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పరీక్ష మళ్లీ చేస్తే మా ఊరికి, ఆదోనికి వెళ్లే రైలు తప్పిపోయేది. మర్నాడు ఎమ్మిగనూరు నుంచి నన్ను పెళ్లిచూపులు చూడటానికి వస్తున్నారు. వాళ్లింటికే కోడలినయ్యాను.

పోయిన నెల మా అత్త కొత్త స్ట్రిప్పు తెచ్చి చూపించింది. పాతది లేదని షాపులో ఇది ఇచ్చారట. పేరు చూశాను. నేను యాభై అని రాసిన మాత్రే.

"ఇది ఏసుకున్నా తల దిమ్ముగానే ఉంటాంది గదమ్మా. బీపీ దిగలేదంట. మందుల సదువు సదివినావు, నువ్వే సెప్పు."

"ఉగ్గానిలోకి అంత ఊరగాయ తింటే యాడ దిగుతాది అత్తా?"

"నీ కంటికి నా నోరే కనపడతాది," అని నవ్వింది.

ఎంత సులువుగా అనేశాను. తప్పు నా మాత్రదేనా? ఏమో, ఊరగాయదే కావచ్చు. తెలుసుకోగలిగిన ఒక్క పరీక్షనూ జరగనివ్వనిది నేనే కదా, ఇప్పుడు ఎవరినడగను?

ఏదో సాకు చెప్పి డాక్టరు చేత మందు మార్పించాను. బీపీ దిగింది. అత్త ఆ మందు మారిన రోజు నుంచే ఊరగాయ కూడా మానేసింది. "మా కోడలు సెప్పబట్టి తగ్గింది," అని వీధంతా చెబుతోంది. విన్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ స్ట్రిప్పు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో. కంపెనీకి రాయాలి. పాప మొహం చూస్తే ధైర్యం చాలడం లేదు. ఈ కాగితం మీదైనా అంకె సరిగ్గా రాస్తాను.

డెబ్బై అయిదు.