గోడవారన ఉతుకుడు బండ

ధర్మవరంలో నేతగాళ్ల వీధికి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నీలావతి మోచెయ్యి చిట్లింది. పెరట్లో బట్టలుతికే బండ ముందు నిలబడి, తడిపిన పంచెను తల మీదికెత్తి ఒక్క దెబ్బ వేసిందో లేదో, కుడి మోచెయ్యి పోయి గోడకు కొట్టుకుంది. కొత్త కోడలు కదా, నెత్తురు కొంగుతో తుడుచుకుంది. రెండో దెబ్బ వంగి వేసింది. వంగి వేస్తే బండ సగమే మోగింది. నడవలో కూర్చున్న అత్త అక్కమ్మ, కళ్లకు పొరలు కమ్మిన మనిషి, ఆ చప్పుడుకు తలెత్తి కాసేపు చెవి ఒగ్గి వింది. తర్వాత మళ్లీ తల దించుకుంది.

ఆ తల దించుకోవడం నీలావతిని మూడేళ్లు తినేసింది.

ఆ ఇంటికి ఆమె రెండో పెళ్లాం. మొదటామె కమలాక్షి విషజ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. మొగుడు జయరాముడు పట్టుచీరలు నేసేవాడు, చెడ్డవాడు కాదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే మాత్రం పిలిచినా పలకడు. కమలాక్షి కన్న నాలుగేళ్ల కూతురు గౌరి. నీలావతిది హిందూపురం. మాట మధ్యలో ఆమె నోట కన్నడం దొర్లితే వీధిలో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు త్వరలోనే అలవాటు పడింది. బండకే అలవాటు పడలేకపోయింది.

బండ సంగతి విప్పి చెప్పకపోతే ఆమె బాధ ఎవరికీ తెలియదు. నల్లరాయి, మోకాలెత్తు, చేత్తో రాస్తే అద్దంలా నున్నగా ఉండేది. పట్టు నేసే ఇంట్లో బండకు గరుకుంటే గుడ్డ పోగు లేచిపోతుంది కాబట్టి ఏరికోరి తెచ్చిన రాయి. దానికి వంక పెట్టడానికి లేదు. దాన్ని పాతిన పుణ్యాత్ముడెవరో గానీ, కుడిపక్కన జానెడు సందు కూడా వదలకుండా గోడకు ఆనించి పాతాడు. ఎడమపక్కనేమో ఎద్దుల బండి తిరిగేంత చోటు. పోనీ ఎదురు దిక్కున నిలబడదామా అంటే వాలంతా అటే, మురికినీళ్లన్నీ కాళ్ల మీదికే. నిలబడే చోట కాలు జారకుండా కింద పరిచిన రాతి మీద ఉలితో గాట్లు కొట్టి ఉన్నాయి, సరిగ్గా రెండు పాదాలు పట్టేంత. వాటిలో కాళ్లు పెట్టినప్పుడల్లా నీలావతికి ఇంకొకరి పక్క మీద కూర్చున్నట్టుండేది.

బండను కాస్త జరిపించమని మొదటి ఏడే మొగుణ్ని అడిగింది. మంచి రాయి, దానికేమైంది అన్నాడు. అత్తనడిగితే వినపడనట్టు లేచి లోపలికి పోయింది. పక్కింటి నాగక్క మాత్రం అడగకుండానే చెప్పింది.

"కమలాక్షికి ఆ బండంటే పానం. ఇంట్లో యాడా నిలిచేది కాదు, ఆడ మాత్రం పొద్దు పోయేదాకా నిలబడుతాండె. సచ్చినా ఆడనే ఉండాదేమో, ఎవురు చూసినారు."

ఇలాంటి మాటలు చెప్పడం నాగక్కకు వక్కాకు వేసుకున్నంత సులువు. చెప్పి ఇంటికి పోయి హాయిగా కునుకు తీసి ఉంటుంది. ఆ రోజు నుంచి నీలావతికి మాత్రం గోడ గోడలా కనిపించడం మానేసింది. చెయ్యి ఎత్తగానే ఎవరో మోచెయ్యి పట్టుకుని అటు తోస్తున్నారనిపించేది. మిట్టమధ్యాహ్నం పెరడంతా ఎండిపోయి ఉంటే ఆ పాదాల గాట్లలో మాత్రం తడి మెరిసేది. పల్లంగా ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి, ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా వెన్ను జలదరించేది.

అంతలో పిల్ల చెయ్యి ఆమె కంటబడింది. గౌరి అన్నం ఎడమచేత్తో కలుపుతోంది. కసిరితే కుడిచేత్తో రెండు ముద్దలు తిని, ఎవరూ చూడనప్పుడు మళ్లీ ఎడమకు మారుతుంది. ముగ్గు పిండి ఎడమచేత్తోనే, రాయి విసరడం ఎడమచేత్తోనే. ఆ ఇంట్లో ఎవరికీ లేని వాటం, ఎవరూ నేర్పని వాటం, ఎక్కణ్నుంచి వచ్చింది? బండ దగ్గర తనను తోసేదే ఈ చేతిలోకి వచ్చి కూర్చుందనుకుంది నీలావతి. అత్తకు చెబితే ఆమె ముఖం తెల్లబోయింది. ఎట్లైనా మాన్పించు అని మాత్రం అని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తెల్లబోవడం చూశాక నీలావతికి ఇక అనుమానం లేకపోయింది. పాత చీర అంచు చింపి, రోజూ అన్నం వేళకు పిల్ల ఎడమచేతిని నడుముకు కట్టేది. గౌరి ఏడ్చేది కాదు, తలవంచుకుని తినేది. పేలిక కింద వేళ్లు మాత్రం కదులుతూ ఉండేవి. నీలావతి వాటి వైపు చూడకుండా వడ్డించేది.

మూడో ఏడు, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, ఆమె మోచేతి పుండు చీము పట్టింది. రాట్నం తిప్పలేకపోయింది. కండెలకు పోగు చుట్టేవాళ్లు లేక మగ్గం ఆగింది. మగ్గం ఆగితే గానీ మగవాడికి పెరట్లో గోడ కనిపించలేదు. పెనుకొండకు పోయి కొత్త బండ చూద్దామన్నాడు జయరాముడు. పాత బండ మాత్రం ఇంట్లో ఉండకూడదు, కొత్తది తెచ్చినవాడే దాన్ని పగలగొట్టి పోవాలి అని నీలావతి పట్టుబట్టింది. అతను మగ్గం వైపే చూస్తూ సరేనన్నాడు.

పెనుకొండ కొండ కింద రాళ్లు కొట్టే రామప్ప దగ్గర ఆమె ఆ పూటంతా రాళ్లు చూసింది. పెళ్లికి పిల్లనెంచడం కూడా అంత కష్టం కాదు. సుత్తితో తడితే ఖంగున మోగిన రాతినే ఏరి పక్కన పెట్టించింది, డొల్లగా పలికితే లోపల పగులున్నట్టు. నీళ్లు పోసి చూసింది, పీల్చుకునే రాయి నాలుగేళ్లకు పొరలు లేస్తుంది. ఆఖరున ఇంటి నుంచి తెచ్చుకున్న పట్టుపోగు తీసి రాతి మీద అటూ ఇటూ లాగింది. రెండింటి మీద పోగు తగులుకుంది, మూడోదాని మీద నీళ్లలా జారింది. మూడేళ్లలో మొదటిసారి ఆమె ముఖం విప్పారింది. ఇక తనదంటూ ఒక చోటుంటుందనుకుంది.

అప్పుడు రామప్ప ఆమెది ఏ చేతి వాటమని అడిగాడు. అది అడగకుండా తాను బండ పాతనన్నాడు. ఆమెకు అర్థం కాక మొగుడి వైపు చూసింది. రామప్పా చూశాడు.

"ఏమప్పా, నువ్వు ధర్మవరం జయరాముడివి కదా? ఆ పుర్రచెయ్యి యమ్మ బాగుండాదా? ఆ బండ సెడిపోయేది కాదే."

"ఆమె పోయింది, రామప్పా," అన్నాడు జయరాముడు.

రామప్ప సుత్తి కింద పెట్టాడు. తల ఊపుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పుకొచ్చాడు. ఎడమచేతికి అడ్డం లేకుండా, గోడ కుడిపక్కకు వచ్చేలా బండ పాతించుకున్నది కమలాక్షేనట. పెరట్లో నిలబడి ఉత్త చేతిని గాలిలో విసిరి చూపించిందట. ఆమె పాదాల చుట్టూ బొగ్గుతో గీసుకుని గాట్లు కొట్టాడట. అంతసేపూ ఆమె నవ్వుతూనే ఉందట. నీలావతి తనది కుడిచేతి వాటమని మాత్రం చెప్పింది.

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నాగసముద్రం దాటాక జయరాముడే నోరు విప్పాడు.

"మా యమ్మకు నామోషీ, కమలది పుర్రసెయ్యని ఊళ్లో తెలుస్తాదని. వడ్డించేదానికి, బొట్టు పెట్టేదానికి అంతా కుడిసెయ్యే నేర్పిచ్చింది. ఆ సెయ్యి వణుకుతాండె నీలా. బండ కాడ ఒక్కచోటే ఎవురూ సూసేవాళ్లు లేరు. ఆడ మాత్రం ఇష్టమొచ్చినట్ల ఉతుకుతాండె. ఆ సప్పుడు మగ్గం కాడికి ఇనపడేది."

ఇన్నాళ్లూ తనకెందుకు చెప్పలేదంటే, కమలాక్షి దాచుకున్న మాట తానెట్లా చెప్పేదన్నాడు. నీలావతికి ఒళ్లు మండిపోయింది. ముందు మొగుడి మీద, తర్వాత అత్త మీద, ఆ తర్వాత నాగక్క మీద మండింది. ధర్మవరం స్టేషను దగ్గరపడేసరికి మండడానికి ఇంకెవరూ మిగల్లేదు. పిల్ల చెయ్యి కట్టింది వాళ్లెవరూ కాదు. కిటికీ ఊచకు తల ఆనించి ఏడ్చింది.

నాలుగో రోజు పొద్దెక్కాక రామప్ప కొత్త బండను ఎద్దుల బండిలో తెచ్చాడు. ఒప్పుకున్న ప్రకారం సమ్మెట పట్టుకుని పాత బండ ముందు నిలబడ్డాడు. నడవలో అక్కమ్మ గౌరికి అన్నం పెడుతోంది. కోడలు మరిచిపోయిందనుకుని పేలిక తానే తడుముకుని కట్టినట్టుంది, పిల్ల చెయ్యి నడుముకు కట్టి ఉండగానే ఆ సందడికి పెరట్లోకి వచ్చింది.

నీలావతి రామప్పను ఆగమంది. తాను వచ్చిన ఏడు నాటుకున్న కనకాంబరాల మడి చూపించి, మొక్కలు పీకేసి కొత్తది అక్కడ పాతమంది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని పిల్ల నడుము దగ్గరి ముడి విప్పింది. మణికట్టు చుట్టూ పేలిక ఒరిసిన చార నల్లగా కాయ కట్టి ఉంది. దాన్ని బొటనవేలితో రాసింది, అది పోయేది కాదు.

గౌరిని పాత బండ ముందు నిలబెట్టి, దాని పావడే తడిపి ఇచ్చింది. పిల్ల ఒకసారి నడవ వైపు చూసి, భయంభయంగా కుడిచెయ్యి చాచింది.

"ఆ సెయ్యి కాదు," అంది నీలావతి. "నీకు ఏ సెయ్యి వాటమైతే ఆ సెయ్యి."

గాట్లలో చిన్న పాదాలు సగానికే సరిపోయాయి. మొదటి దెబ్బ చప్పగా పడింది. రెండోదానికి ఎడమచెయ్యి పూర్తిగా పైకి లేచింది, దానికి గోడా లేదు, అడ్డూ లేదు. బండ నిండా మోగింది. ఆ రాయి అంత బాగా మోగుతుందని నీలావతికి మూడేళ్లలో తెలియలేదు. నీళ్లు అటువైపు వాలు పట్టుకుని కాలవలోకి పోయాయి, పిల్ల కాళ్ల మీద ఒక్క చుక్క పడలేదు.

నడవలో కంచం జారిన చప్పుడైంది.

"కమలా," అంది అక్కమ్మ. "వచ్చినావా కమలా?"

గౌరి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ పిలుపు ఎప్పుడో ఒకనాడు వినాల్సి వస్తుందని మూడేళ్లు వణికిన మనిషి నీలావతి. ఇప్పుడు భయం వెయ్యలేదు.

"కమల బిడ్డ, అత్తా," అంది. "ఉతుక్కోనీ."

నడవలో అక్కమ్మ తలెత్తి, మొదటి రోజులాగే చెవి ఒగ్గింది. పిల్ల బిక్కముఖంతో ఆమె వైపే చూస్తోంది.

"ఆపొద్దు," అంది నీలావతి. "మీ యవ్వ ఇంటాండాది."