బృందం అని అచ్చయిన ప్లేటు

జనగామ రాజలింగానికి మైకుసెట్టు పెట్టడం ఎవరూ నేర్పలేదు. చేతులు కాల్చుకుని తానే నేర్చుకున్నాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో రిక్షాకు హారన్ కట్టి ఊరేగింపుల వెంట తిరుగుతున్నప్పుడు ఒక చిన్న గ్రామఫోను ప్లేటు అతని చేతికొచ్చింది. ఒకవైపు ఉద్యమం పాట, రెండోవైపు నాట్ల పాట. మధ్య కాగితం మీద ‘పాడినది రాజమణి, బృందం’ అని అచ్చు. ఆ ఏడే ఒక తొక్కిసలాటలో రికార్డుల పెట్టె కిందపడింది. మిగతావన్నీ ముక్కలయ్యాయి. దీనికి మాత్రం అంచున సన్నటి పగులు పడింది.

ఉద్యమం చల్లబడ్డాక ప్లేటును లోకం మరిచిపోయింది. రాజలింగం మరవలేదు. ఏ పెళ్లిలోనైనా హారన్ దింపే ముందు నాట్ల పాట వేసేవాడు. అందులోని నగారా వింటే అతనికి కాలు నిలిచేది కాదు. నగారాతో పాటు చప్పట్లు. ఒక్కో చప్పట వెనకే టిక్కుమని ఒక చప్పుడు. దుమ్మనుకుని తుడిచాడు. ముల్లు అరిగిందనుకుని మార్చాడు. అయినా పోలేదు.

“లింగన్నా, నీ ప్లేటుకు దగ్గు తగ్గలేదా?” అని పెళ్లివాళ్లు నవ్వేవాళ్లు.

“పాత పానం గదనే. జర ఓపిక వట్టు.”

ఎనభై ఏడులో చూసుకుంటే పగులు పాట గీతల్లోకి పాకింది. ఇంకో నాలుగైదుసార్లు వేస్తే విరిగేటట్టుంది. ఆ రోజు నుంచి అతనికి తిండి సయించలేదు.

“కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్, ఏమైంది?” అని భార్య సరోజ అడిగింది.

“ఇది విరగకముందే వాయించినోళ్లకు ఒక్కపారి వినిపియ్యాలె. పద్దెనిమిదేండ్లు వాళ్ల చేతులను ఊరూర మోగిచ్చిన. పేర్లు గూడ తెల్వది.”

“వాళ్లు ఎప్పుడో విన్నరేమో.”

“వింటే మల్ల వింటరు.”

పోయిన ప్రతి ఊళ్లో అడిగాడు. ఏడాదికి మహబూబాబాద్‌లో టీచరు పని చేస్తున్న రాజమణి దొరికింది.

“వాయించింది ధర్మా. కేసముద్రం పక్క తండా ఆయన. చప్పట్లు ఆయన భార్యవి. నా పేరొక్కటే అచ్చేసిన్రు, నాకూ సిగ్గే అనిపిచ్చింది” అందామె. “పాట కాంగనె ఇద్దరు రైలెక్కి పోయిన్రు. మల్ల చూడలె.”

తండాకు పోతే, ధర్మా పోయి రెండేళ్లయిందన్నారు. భార్య ద్వాళి భూపాలపల్లిలో, కొత్తగా తవ్వే బొగ్గు గనిలో పనికి చేరిన కొడుకు సేవ్యా దగ్గర ఉందట. రాజలింగం జనగామకు వచ్చి, ప్లేటు వేసే మిషన్ను దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు. సీటు దొరికినా కూర్చోలేదు. గుంతలకు ప్లేటు ఎక్కడ విరుగుతుందోనని రొమ్ముకు ఆనించుకుని నిలబడే వెళ్లాడు.

తల్లి చప్పట్లు ప్లేటులో ఉన్నాయంటే సేవ్యా నమ్మలేదు. “మా యాడి ప్లేటుల ఉన్నదా? ఎవల ఇంటికి వోబోయి ఎవల ఇంటికి వచ్చినవో చూసుకో కాకా.”

బియ్యం చెరుగుతున్న ద్వాళి తలెత్తింది. “నిజమే పోరగా. నువ్వు చిన్నగున్నవ్. అద్దాల రూముల నిలవెట్టిన్రు. అయిపోయింది పోన్రి అన్నరు. వచ్చినం.”

“ఎన్నడు వినలేదా అక్కా?”

“ఎవలు వినిపిచ్చిన్రు తమ్మీ?”

ముల్లు పెట్టాడు. నగారా మొదలు కాగానే ఆమె చేతిలో చాట ఆగింది. చప్పట్లు వచ్చాయి. వెనకే టిక్కు. రాజలింగం అలవాటుగా సంజాయిషీ చెప్పాడు: “ఆ టిక్కు పట్టించుకోకక్కా. గీత వడ్డది.”

“గీత గాదు. గవి నా గాజులు. మోచేతి మీదియి. తీసెయ్యమన్నడు ఆ మైకాయన. మొగడు పక్కన నగారా గొడుతుంటె గాజులెట్ల తీస్త అన్న. తలుపు కాడ ఎడంగ నిలవెట్టిండు.”

రాజలింగం ఆమె చేతులు చూశాడు. తండా ఆడవాళ్లు మొగుడు పోయాక ఆ గాజులు తీసేస్తారు. మోచేతుల పైన ఏమీ లేదు. పంతొమ్మిదేళ్లుగా తను తుడవాలని చూసింది ఆ చప్పుడునే. తల ఎత్తలేకపోయాడు.

పాట అయిపోయింది. పగులు ఇంకో వేలెడు సాగింది. ఒక్కసారి వినిపించి, చుట్టి దాచుకుందామనే అతను వచ్చాడు.

“మల్ల వెయ్యి” అంది ద్వాళి.

“యాడీ, విరుగుతదేమో” అన్నాడు సేవ్యా.

“విరగనీ. గాయన ఇంక నగారా గొడుతనే ఉన్నడు గదా.”

రాజలింగం వేశాడు. మళ్లీ వేశాడు. మూడోసారి పాట సగంలో ప్లేటు చిట్లి ముల్లు పక్కకు జారింది. ద్వాళి మాత్రం ఆగలేదు. కళ్లు మూసుకుని, మిగిలిన పాటంతా చప్పట్లు కొడుతూనే ఉంది. ఒక్కో చప్పట తర్వాత రాజలింగం చెవి ఆ టిక్కు కోసం కాచుకుంది.