గోషా చెప్పకుండా

కిందటేడు విశాఖపట్నంలో నా మనవరాలు నన్ను హెలికాప్టరు ఎక్కించింది. పది నిమిషాల తిరుగుడు. సముద్రం మీదుగా తీసుకెళ్ళి, కొండ చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఊరి మీదుగా తెచ్చి దించేస్తారు. సముద్రం మీద ఉన్నంతసేపూ కళ్ళు విప్పార్చుకునే చూశాను. పడవలు చూశాను, ఒడ్డున నురగ చూశాను. ఊరి మీదికి వచ్చేసరికి డాబాల మీద ఆరేసిన బట్టలూ, వాటి మధ్య నిలబడి తలెత్తి చూస్తున్న మనుషులూ కనిపించారు. గట్టిగా కళ్ళు మూసుకున్నాను. దిగేదాకా తెరవలేదు. మనవరాలు తీసిన ఫోటోలో ప్రార్థన చేసుకుంటున్న భక్తురాలిలా ఉంటాను. "అమ్మమ్మకి భలే భయం వేసింది" అని అది చుట్టాలందరికీ ఆ ఫోటో చూపించింది. నేనూ వాళ్ళతోపాటు నవ్వాను. భయం కాదని చెప్పలేదు.

అది సిగ్గు. అరవై ఏళ్ళు పైబడిన సిగ్గు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నాకు పదిహేనేళ్ళు. సికింద్రాబాదులో, మెట్టుగూడలో, రైలు పట్టాలకు దగ్గరగా అద్దెకుండేవాళ్ళం. మాది గుంటూరు వైపు. నాన్న మిషను బడిలో పంతులు, ఆదివారాలు మా క్రైస్తవుల గుడిలో కీర్తనలు ఎత్తుకునేవాడు. మా పక్కింట్లో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఆయన ఉండేవాడు. ఆయన్ని చాచా అనీ, ఆయన భార్యను చాచీ అనీ పిలిచేదాన్ని. ముసల్మానులే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. చాచాకు ఎడమకాలు చిన్నప్పుడే చచ్చుపడింది, ఈడ్చి నడిచేవాడు. బడి రిజిస్టర్లూ, గుడి కీర్తనల పుస్తకాలూ అన్నీ ఆయన చేతి మీదుగానే వచ్చేవి. మైదా బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు వాళ్ళ వాకిలే గుర్తొస్తుంది.

వాళ్ళది గోషా ఇల్లు. ముందు గది, పరదా, పరదా వెనక నాలుగు గోడల మధ్య పెద్ద వాకిలి. ఆ వాకిట్లోకి పరాయి మగవాడు అడుగు పెట్టకూడదు. ఊరికే చూడడం కూడా కూడదు. అందుకని మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది. పెంకు సర్దడానికో, చింతకాయలు దులపడానికో, ఎవరు ఎత్తుకు ఎక్కాలన్నా ముందు "గోషా" అని కేకెయ్యాలి. లోపలి ఆడవాళ్ళు గదిలోకి వెళ్ళేదాకా ఆగాలి. ఆ తర్వాతే ఎక్కాలి. నాన్న కూడా మా ఇంటి పెంకు మార్చేటప్పుడు నిచ్చెన దగ్గర నిలబడి పాఠం అప్పజెప్పినట్టు గోషా చెప్పేవాడు. అందరికన్నా శ్రద్ధగా చెప్పేది కల్లు గీసే తాత. వాళ్ళ వెనక గోడకు ఆనుకుని ఒక తాటిచెట్టు ఉండేది. పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ తాత వచ్చి, "గోషా తల్లీ" అని కేకేసి, నడుముకు మోకు బిగించుకుంటూ తీరిగ్గా వంద లెక్కపెట్టేవాడు. మేము కల్లు ముట్టని ఇంటివాళ్ళమే గానీ, మా గడియారం మాత్రం ఆ తాత కేకే.

నేను ఆడపిల్లను గనక నాకు పరదా అడ్డం లేదు. బడి నుంచి వచ్చి పుస్తకాలు పడేస్తే మళ్ళీ చాచీ వాకిట్లోనే తేలేదాన్ని. పోలీసు చర్య జరిగిన ఏడే, క్రిస్మసు ముందు, అది ఆగిపోయింది. చాచా మీద ఎవరో ఫిర్యాదు ఇచ్చారు. రజాకార్ల చందా పుస్తకాలు ఆయనే కుట్టాడట. కుట్టే ఉంటాడు. ఎవరు కాగితాలు తెచ్చిస్తే వాళ్ళకు కుట్టడమే ఆయన పని, మా గుడికి కుట్టినట్టే. కానీ అవి అలాంటి మాటలు వినే రోజులు కావు. పోలీసులు వచ్చి అడిగితే, "బీదర్‌ల అక్క ఉన్నది, ఆడికి పోయిండు" అన్నది చాచీ. అందరం నమ్మాం. ఆ తర్వాత నేను పరదా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా చాచీ ఎదురొచ్చి నిలబడేది.

"ఇయ్యాల పానం మంచిగ లేదు బిడ్డా. మల్ల రా."

మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే మాట. నెలలు గడిచాయి. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ సొంత పిల్లలా తిరిగిన ఇల్లు, ఇప్పుడు గడప దాటనివ్వరా అనుకున్నాను. ఆ కోపం సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది ఒట్టి చిన్నపిల్ల పొరపాటులా కనపడుతుంది. అంత మంచి పేరు నాకు అక్కర్లేదు.

ఇక విమానం సంగతి. మా గుడికి వచ్చే ఒక ఆంగ్లో ఇండియన్ దొర బేగంపేటలో విమానం నడపడం నేర్పేవాడు. బైబిలు పరీక్షలో మొదట వచ్చిన వాళ్ళను విమానంలో ఒక చుట్టు తిప్పుతానని ఆయన సరదాగా అన్నాడు. మొదట వచ్చింది నేను. ఆడపిల్లను గాల్లోకి పంపడమేమిటని సంఘ పెద్దలు నసిగారు. "బైబిల్లో ఏలీయా ఆకాశానికి ఎక్కి వెళ్ళలేదా" అన్నాడు నాన్న. ఏలీయా తిరిగి రాలేదు కదా అని మా అమ్మ గొణిగింది గానీ, నేను అప్పటికే జడలు బిగించి కూర్చున్నాను.

ఈస్టరు ఇంకా రెండు వారాలుందనగా, ఒక శనివారం పొద్దున ఎక్కించాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు. దొర ముందు, నేను వెనక. కళ్ళకు పెద్ద అద్దాలు కట్టారు. నేల జారిపోయింది. హుస్సేన్‌సాగర్ కట్ట చీర అంచంత సన్నగా కనిపించింది. కంటోన్మెంటు బారకులు, మౌలాలి గుట్ట, పొగ వదులుతూ పోతున్న రైలు, అన్నీ నా కాళ్ళ కింద. ఆనందంతో కళ్ళవెంట నీళ్ళు కారి అద్దాలు మసకబారాయి. ఎక్కే ముందే దొర మా ఇల్లెక్కడని అడిగి పెట్టుకున్నాడు. గుడి గంట స్తంభం గుర్తు చూసుకుని, మెట్టుగూడ మీదికి వచ్చి బాగా కిందికి దించాడు. రెండు చుట్లు కొట్టాడు.

మా పెంకులు కనిపించాయి. మా గోడ కనిపించింది. గోడ అవతల, నాలుగు నెలలుగా నన్ను రానివ్వని వాకిలి అరచేతిలో పెట్టినట్టు కనిపించింది. నేల మీద వరసలు వరసలుగా ఎర్ర అట్టల పుస్తకాలు ఆరబెట్టి ఉన్నాయి. అవి మా గుడి కీర్తనల పుస్తకాలే. చాచీ తమ్ముడు పట్నంలో కుట్టి పంపుతున్నాడని మాకు చెప్పారు. వాటి మధ్య ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. విమానం మోతకు తలెత్తాడు, లేచాడు, ఎడమకాలు ఈడ్చుకుంటూ గదిలోకి పరుగెత్తాడు. సెప్టెంబరులో సైన్యం విమానాలు వచ్చినప్పటి నుంచీ ఆ మోత వింటే ఊరంతా అలాగే పరుగెత్తేది.

గోషా ఇంటి వాకిలి కన్నా దాక్కునేందుకు మంచి చోటు ఆ ఊళ్ళో లేదు. ఎవరూ తొంగిచూడరు. చూడాల్సి వస్తే ముందు కేకేస్తారు. నేను కేకెయ్యకుండా పైకెక్కిన మొదటి మనిషిని.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు ఆదివారం, ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో అందరూ నా చుట్టూ మూగారు. నాకు రెక్కలు మొలిచాయి. చెరువు చెప్పాను, రైలు చెప్పాను, గుట్ట చెప్పాను. పాటల గుంపులో ఒకాయన, "అంత పైనుంచి మనుషులు ఆనవాలు తెలుస్తారా? కోతలు కొయ్యకమ్మా" అని నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు.

"ఎందుకు తెలియరు? మా చాచా వాకిట్లో మన కీర్తనల పుస్తకాలు ఆరబెడుతున్నాడు. నన్ను చూసి కాలీడ్చుకుంటూ లోపలికి పరుగెత్తాడు" అన్నాను.

అన్నాక నాన్న ముఖం చూశాను. నవ్వులు ఆగిపోయాయి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని అదే నాన్న బడిలో నల్లబల్ల మీద రాయించేవాడు. నిజం చెప్పాలంటే జారింది నోరొక్కటే కాదు. ఆ మాట అంటున్న క్షణంలో, నన్ను గడప దగ్గర నిలబెట్టిన చాచీ నా మనసులో ఉంది. చూడు, నువ్వు రానివ్వకపోయినా చూసేశాను అనుకున్నాను.

విన్నవాళ్ళలో ఎవరు ఎవరికి చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. మంగళవారం పొద్దున పోలీసులు వచ్చారు. ముందు గదిలోకి వచ్చారు. పరదా దగ్గర మాత్రం ఆగారు. వాళ్ళలో ముసలి కానిస్టేబులు ఒకడు గొంతు సవరించుకుని కేకేశాడు.

"గోషా చేస్కోండమ్మా. మేం లోపటికి వస్తున్నం."

గోడ ఇవతల నుంచి విన్నాను. పట్టుకుపోవడానికి వచ్చినవాడు కూడా గోషా చెప్పి ఆగాడు. వాళ్ళు లోపలికి వెళ్ళాల్సిన పని పడలేదు. చాచా తనే బయటికి వచ్చాడు. వేళ్ళకు బంక అలాగే ఉంది. లుంగీకి తుడుచుకుంటూ వాళ్ళ వెంట నడిచాడు. ఆ కాలితో ఆయన గల్లీ చివరిదాకా వెళ్ళేసరికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం తాత ఎప్పటిలాగే వచ్చి, "గోషా తల్లీ" అన్నాడు. ఎన్నడూ ముసుగు లేకుండా వీధిలోకి రాని చాచీ, తల మీద కొంగు కూడా లేకుండా చెట్టు కిందికి వచ్చింది.

"నీ గోషా నాకద్దు. మా వాకిలి పైనుంచి చూసేటోనివి నువ్వొక్కనివే. నువ్వు గాక ఇంకెవరు చెప్పిన్రు?"

గుడి ఆవరణలో జరిగింది ఆమెకు తెలియదు. చెప్పేవాళ్ళు ఎవరున్నారు? తాత మోకు కట్టుకోవడం ఆపాడు.

"చూసిన తల్లీ. అబద్ధమెందుకు, మూడు నెల్ల సంది చూస్తున్న. చెప్పేటోన్నైతే మూడు నెల్లు ఎందుకాగుత?"

"నా ఇల్లు ముంచినవు. మల్ల ఈ చెట్టు కాడికి రాకు."

నేను మా గుమ్మంలోనే ఉన్నాను. నాన్న నా వెనక నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. చెప్పెయ్ అని వేసిన చెయ్యో, మాట్లాడకు అని వేసిన చెయ్యో నేను అడగలేదు. నాకు వీలైన అర్థమే తీసుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను. తాత మోకు విప్పి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మా వైపు ఒక్కసారి చూశాడు. మామూలుగానే చూశాడు. నాకే తల వాలిపోయింది. అంతవరకూ ఆయన్ని పెద్దమనిషి అన్న గల్లీ మొత్తం, ఆ తర్వాత ఆయన ఎదురుపడితే పక్కకు తప్పుకుంది. ఆయన కట్టిన కుండలు ఆ చెట్టు మీదే ఎండి, వానలకు ఒక్కొక్కటే రాలి పగిలాయి.

చాచా ఏడాదిన్నరకు తిరిగొచ్చాడు. తప్పేమీ తేలలేదన్నారు. ఒళ్ళు సగమైంది, సూదిలో దారం ఎక్కించడానికి చాచీ కావాల్సి వచ్చేది. ఒకరోజు నాన్న చినిగిన రిజిస్టరు ఒకటి నా చేతికిచ్చి పంపాడు. ఇప్పుడు వాకిట్లోకి వెళ్ళడానికి నాకు అడ్డం లేదు. నేనే పరదా దగ్గర కాసేపు నిలబడి వెళ్ళాను.

చాచా అట్టకు బంక రాస్తూ తనంతట తనే మాట మొదలుపెట్టాడు.

"ఆ తాతనే చెప్పిండంటది మీ చాచీ. నేను నమ్మ. ఆయన రోజు చెట్టు మీద నుంచి నాకు సలాం చేసేటోడు. నేను సుత కింద నుంచి చేస్తుంటి. గసొంటోడు చెప్తడా?"

ఆయన బంక చెయ్యి ఆగలేదు.

"నువ్వు ఇమానం ఎక్కినవట గద బిడ్డా. మా ఇల్లు కనవడ్డదా?"

ఆ మాట ఊరికే అడిగాడో, తెలిసే అడిగాడో ఆయన ముఖంలో వెతికాను. ఆయన తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. ఎలా అడిగినా, నేను చెప్పడానికి ఇంతకన్నా తేలిక దారి ఎవరూ వెయ్యలేరు.

"లేదు చాచా. అంత పైనుంచి ఏమీ కనపడదు" అన్నాను.

"అచ్ఛా" అన్నాడు. రిజిస్టరు మీద బరువు రాయి పెట్టాడు. "తడి ఆరాలె. రేపొచ్చి తీస్కపో."

ఆ రోజు నిజం చెప్పి ఉంటే చాచాకు కొత్తగా పోయేదేమీ లేదు. తాత చెట్టు తాతకు తిరిగి వచ్చేది. మర్నాడు రిజిస్టరు కోసం నేను వెళ్ళలేదు. నాన్నే వెళ్ళి తెచ్చుకున్నాడు.