వరి వేషం కట్టిన ఊద

నిన్న పాపకి టీకా వేయించాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి పాప తొడ మీద రాసింది. ఆ చల్లని ఘాటు ముక్కుకి తగలగానే సూది గురించిన నా భయం కాసేపు పక్కకి తప్పుకుంది. ఐనవిల్లి దగ్గర వరిచేలో మోకాలి లోతు బురదలో నిలబడి, ఆకు కత్తిరించిన ప్రతిసారీ కత్తెరని స్పిరిట్‌తో తుడుచుకునే వైదేహి మేడం కళ్ళముందుకొచ్చారు. ఒక మొక్క రసం ఇంకో మొక్క ఆకుకి అంటకూడదని ఆవిడ పట్టుదల. పాప నిద్రపోయింది కదా అని ఇప్పుడు ఆవిడ గురించి రాస్తున్నాను.

డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఆవిడ దగ్గర సహాయకురాలిగా పనిచేశాను. ఆవిడ కొత్తపేటలో పుట్టి, హైదరాబాదులో ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో వరి జన్యువులు పరిశోధించిన శాస్త్రవేత్త. "ఓసారి సెలవులకొచ్చి చేలోకి దిగేనమ్మా. ఏది వరో, ఏది ఊదో పోల్చుకోలేకపోయేను. కలుపు తీసే ఆవిడ నన్ను చూసి నవ్వింది. సిగ్గేసింది గానీ, నా అసలు ప్రశ్న ఆ రోజే దొరికింది" అనేవారు. ఊద వరిలో మొలిచే కలుపు గడ్డి. మామూలుగా దాని మొదలు ఎర్రగా ఉంటుంది, పిలకలు పక్కలకి వాలతాయి. మరి మన చేలల్లో కొన్ని ఊద మొక్కలు పచ్చగా, నిటారుగా, అచ్చం వరిలా ఎందుకున్నాయి? ఆ ఒక్క ప్రశ్నకే ఆవిడ మిగతా ఉద్యోగమంతా ఇచ్చేశారు.

నేను చేరిన ఏడాది సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఒక రైతు దగ్గర చిన్న మడి తీసుకుని వరి మధ్య ఊద పెంచాం. వరికీ ఊదకీ తేడా లేకుండా ప్రతి మొక్కకీ నంబరు చీటీ కట్టాం. ఏ నంబరు ఏ మొక్కో మేడం పుస్తకంలోనే ఉంటుంది. జన్యు పరీక్షకని ప్రతిదాని ఆకు ముక్కా ఎండబెట్టి దాచాం. కంకి వేసేదాకా ఆ మడిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ మాట పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్ళకి చెప్పడం నా పని. మేడం హైదరాబాదు వెళ్ళిన వారం నేను అక్క సీమంతానికి రాజోలు వెళ్ళాను. చెప్పడం మరిచిపోయాను.

తిరిగొచ్చేసరికి మడి అద్దంలా ఉంది. కలుపు జట్టు పెద్ద సత్యవతి గట్టు మీద నవ్వుతూ నిలబడింది. "ఊద అడివిలా పెరిగిపోతే ఒక్కదానివీ ఏం తీస్తావమ్మాయ్? మేమే తీసిపెట్టేం. చీట్లు మాత్రం పారేయలేదులే, జాగర్తగా మూట కట్టేం!"

మర్నాడే మేడం వస్తున్నారు. ఆవిడ ఏడాది కష్టం పోయింది, నా ఉద్యోగం పోబోతోంది. ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. కాలవ గట్టున ఉన్న ఊద పీకి తెచ్చి, ఖాళీల్లో గుచ్చి, మూటలోని చీట్లు వాటికి కట్టేశాను.

మేడం మడిలోకి దిగి ఒక ఆకు వేళ్ళ మధ్య పట్టుకున్నారు. అది వడిలిపోయి ఉంది. "ఇది నిన్న ఎక్కడుందమ్మా?" అన్నారు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"మొక్కలు పోతే వచ్చే సార్వాకి వేసుకుంటాం. ఈ చీట్లు నమ్మి నేను నాలుగేళ్ళు పనిచేసుంటే?" అని పుస్తకం నా చేతికిచ్చారు. "రాయి. ఏం జరిగిందో అది. నువ్వు గుచ్చినవి కూడా." రాశాను. తర్వాత ఆవిడ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

నేను గుచ్చినవి తీసేసి, వాటికి కట్టిన చీట్లని పుస్తకంలోని ఊద నంబర్లతో సరిచూశారు. కొన్ని తక్కువొచ్చాయి. ఉన్నట్టుండి ఆవిడ మొహం వెలిగింది. "సత్యవతీ, పదకొండు ఊదలు వదిలేశారు!"

"మా చెయ్యి దాటి ఊద ఉంటదా అండీ? పందెం!"

మేడం ఒక మొక్క చూపించారు. సత్యవతి ఆకు మొదలు తడిమింది. వరికి అక్కడ చిన్న చెవుల్లాంటివుంటాయి. దీనికి లేవు. "ఓసి దీని దుంపతెగ! వరి వేషం కట్టేసిందండీ!"

జట్టంతా పగలబడి నవ్వారు. మేడం గట్టు మీద కూర్చుని చెప్పారు. "మీ అమ్మమ్మల నాటి నుంచీ ఎర్రగా కనబడ్డవాటిని పీకేస్తున్నారు. వరిలా ఉన్నవే మీ కంటబడకుండా బతికి గింజలు రాల్చేయి. అలా తరతరాలుగా ఊద ఇలా తయారైంది."

"అయితే ఈ దొంగని పెంచింది మేమేనంటారా?"

"ఆయ్, మీరే."

"మరైతే మా పేర్లు కూడా రాసుకోండి ఆ పుస్తకంలో!"

ఆవిడ నిజంగానే రాసుకున్నారు. మరుసటి సార్వాలో నా పొరపాటునే పద్ధతిగా మళ్ళీ చేశాం. జట్టు చేత కలుపు తీయించి, పీకినవాటి జన్యువులనీ మిగిలినవాటి జన్యువులనీ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఇప్పుడు రిటైరయ్యారు. అయినా ఏదో ఒక చేలో దిగే ఉంటారు.

నా కంగారు మాత్రం తగ్గలేదు, పాప పుట్టాక ఇంకా పెరిగింది. పోయిన నెల పాప మంచం మీంచి పడి నుదురు బొప్పికట్టింది. ఆసుపత్రికి వెళ్తుంటే ఆటోలో అత్తయ్యగారు, "నిద్రలో దొర్లిందని చెప్పమ్మా, లేకపోతే నిన్నే తిడతారు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకూ ఆ మాటే నోటిదాకా వచ్చింది. డాక్టరుతో మాత్రం, "పక్కనే ఉన్నానండి, ఫోను చూస్తున్నాను. ఏ వైపు పడిందో చూడలేదు" అన్నాను.

ఆయన కొంచెం కోప్పడ్డారు. పాపని అటూ ఇటూ తిప్పి అంతా పరీక్షించి, ఫర్వాలేదన్నారు.

"చెప్పి ఏం బావుకున్నావమ్మా?" అన్నారు అత్తయ్యగారు బయటికొచ్చాక.

"చూడలేదన్నాను కాబట్టే రెండు వైపులా చూశారండీ."

ఆవిడ పాపని నా చేతుల్లోంచి తీసుకుని, ఆటో దాకా నడుస్తూనే తను కూడా రెండు వైపులా తడిమి చూసుకున్నారు.