మా పై వాటా నెల్లమ్మ

మా చిన్నప్పుడు దోహాలో ఎటు చూసినా క్రేన్లే... ప్రపంచ కప్పుకి ఇంకా ఏళ్లు ఉండగానే ఊరంతా పెళ్లివారిల్లయిపోయింది. మా బడిలోనూ అదే గోల. ఒక్కొక్కరు ఒక్కో ఫుట్‌బాల్ దేశం గురించి చార్టు చెయ్యాలి... ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ, సంస్కృతి.

నాకేమో బ్రెజిల్ కావాలి. చీటీ తీస్తే వచ్చింది ఉరుగ్వే! ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి ఒకటే ఏడుపు.

లుసైల్ స్టేడియం సైటు నుంచి డ్యూటీ దిగొచ్చిన నాన్న నవ్వాడు. "ఏడ్వకు బిడ్డా... మీద పోర్షన్ల ఉండే గడ్డి సార్ లేడూ? ఆయనది గదే దేశం. వాళ్లమ్మ గూడ వచ్చింది. పోయి అడుగు."

గడ్డి సార్ అంటే స్టేడియంలో గడ్డి పెంచే ఆయన. అసలు పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. వాళ్లమ్మ పేరు నెల్లీ. మా అమ్మ నోట్లో మొదటిరోజే నెల్లమ్మ అయిపోయింది.

అమ్మ సర్వపిండి డబ్బా పట్టుకుని నన్ను పైకి తీసుకెళ్లింది. నెల్లమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతుంటే, నేను అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. మొట్టమొదటి ప్రపంచ కప్పు జరిగింది వాళ్ల దేశంలోనేనట... అధ్యక్షుడు ఐదేళ్లు ఏలాక వెంటనే మళ్లీ నిలబడకూడదట... ఓటెయ్యకపోతే జరిమానా అట... మనుషులకంటే ఆవులే ఎక్కువట!

"అబ్బ! బంగారమసొంటి దేశమే!" అని అమ్మ మురిసిపోయింది. వాళ్ల దేశం ఆ ఆవుల మాంసం అమ్ముకునే బతుకుతోందన్న ముక్క మాత్రం నేను మింగేశాను. చెబితే మళ్లీ పైకి రానిస్తుందా?

ఇక సంస్కృతి అంటే 'మాతే' అనే వాళ్ల టీ... చిన్న సొరకాయ బుర్రలో ఎండిన ఆకు పొడి, వేడినీళ్లు, ఒక వెండి గొట్టం. నెల్లమ్మ తాగింది. మళ్లీ నీళ్లు పోసి అదే బుర్ర, అదే గొట్టం నాకిచ్చింది. వేపాకంత చేదు! అయినా మర్యాదగా "థాంక్యూ" అని తిరిగిచ్చాను. అంతే... రెండో వాయి నాకు రాలేదు. నేను మొహం మాడ్చుకుంటే అక్కడే ఉన్న గడ్డి సార్ నవ్వి చెప్పాడు. వాళ్ల దగ్గర అలా అంటే 'ఇక నాకు చాలు' అని అర్థమట.

అమ్మ మాత్రం అసలు ముట్టలేదు. "అందరు నోట్ల వెట్టుకున్న గొట్టం నేనెట్ల వెట్టుకోవాలె? ఎంగిలి గాదానే!"

చార్టు అయిపోయింది గానీ అమ్మ రాకపోకలు ఆగలేదు. అంతకుముందు దోహాలో అమ్మకి ఒక్క మనిషి లేదు... నాన్న డ్యూటీకి, నేను బడికి పోతే గోడలతో మాట్లాడుకునేది. ఇప్పుడు రోజూ సాయంత్రం పైన కూర్చుని అమ్మ తెలుగులో, నెల్లమ్మ స్పానిష్‌లో... ఏం అర్థమయ్యేదో ఏమో, ఒకటే నవ్వులు! నెల్లమ్మ రోజూ బుర్ర చాపేది. అమ్మ రోజూ తల అడ్డంగా ఊపేది. పాపం, నెల్లమ్మ మొహం చిన్నబోయేది.

గడ్డి సార్ కాంట్రాక్టు అయిపోయింది. వెళ్లే రోజు సాయంత్రం సూట్‌కేసుల మధ్య కూర్చుని నెల్లమ్మ చివరిసారి ఆకు కలిపింది. నాకిచ్చింది. తర్వాత అమ్మ వైపు చాపబోయి... ఎలాగూ తాగదు కదా అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇయ్యి నెల్లమ్మా... నాకూ ఇయ్యి" అంది అమ్మ.

కళ్లు మూసుకుని, గొట్టం గురగురలాడేదాకా తాగింది. "అవ్వో, ఎంత చేదున్నదే!" అంటూనే మళ్లీ చెయ్యి చాపింది. ఇద్దరూ నవ్వారు... ఇద్దరూ ఏడ్చారు. మెట్లు దిగుతూ అమ్మ ఒకటే సణుగుడు... "ఇన్నొద్దులు ఎందుకు తాగకపోతినే నేను?"

ఇప్పుడైతే ఎవరెక్కడున్నా ఫోనులో దొరికిపోతారు. అప్పుడు నెల్లమ్మకి ఫోనే లేదు... గడ్డి సార్ ఖతార్ నంబరు ఆయనతోపాటే పోయింది. ఇంటిపేరు అడగాలన్న తెలివి మాకెవరికీ లేకపోయింది.

ప్రపంచ కప్పు వచ్చేసరికి మేమూ జగిత్యాల వచ్చేశాం. బంతి ఎటు పోతోందో కూడా తెలియని అమ్మ, ఉరుగ్వే ఆట మొదలయితే చాలు టీవీకి అతుక్కుపోయేది.

"గా ఆట నీకేం సమజైతదే?" అన్నాడు నాన్న.

"ఆట ఎవరు చూస్తుండ్రు... గా జనంల నెల్లమ్మ ఉన్నదేమో చూస్తున్న" అంది అమ్మ.

మరి మీ అమ్మకి పరాయి ఊళ్లో దొరికిన నేస్తం ఎవరు? పేరైనా గుర్తుందా... రాయండి. మా అమ్మకి చదివి వినిపిస్తాను.