జనరేటర్ మొహానికి బ్యానర్

1999 జూన్‌లో మాదాపూర్‌లోని ఒక ఐటీ భవనంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరాను. నా కింద ఇద్దరు సూపర్‌వైజర్లు, ఆరుగురు ఆపరేటర్లు. పైన ఫెసిలిటీస్ మేనేజరు. కరెంటు పోతే భవనానికి దిక్కు ఒకే ఒక్క డీజిల్ జనరేటర్. రెండోది ఇంకా బిగించలేదు. జనరేటర్ అందుకునేదాకా కంప్యూటర్లను యూపీఎస్ బ్యాటరీలు మోస్తాయి. వాటి ఓపిక అరగంట.

ఆపరేటర్లలో పెద్దవాడు సాయిలు, కొండాపూర్ మనిషి. తాను పాత మిల్లులో చేసినట్టే ఇక్కడా మహర్నవమి నాడు ఆయుధపూజ చేద్దామన్నాడు. జనరేటర్ కడిగి కుంకుమ పెట్టడం, గుమ్మడికాయ కొట్టడం, స్పానర్లూ కటింగ్ ప్లేయర్లూ పీట మీద పరచడం. పీట ఎక్కిన పనిముట్టును మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదు. నేను సరేనన్నాను.

సంగతి మా భవనం మార్కెటింగ్ మేనేజరు చెవిన పడింది. వారంలోగా ఒక సెల్‌ఫోన్ కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది. ఆహ్వానపత్రం అచ్చయింది. అందులో రిసెప్షనిస్టు పేరుంది, నా పేరు లేదు. ఆ పత్రం ఇప్పటికీ నా దగ్గరుంది.

పూజనాడు ఉదయం సెల్‌ఫోన్ కంపెనీ మనుషులు పెద్ద ప్లాస్టిక్ బ్యానర్ తెచ్చి, జనరేటర్ ముందున్న జాలీకి అడ్డంగా నైలాన్ తాళ్లతో బిగించారు. సెల్‌ఫోన్ బొమ్మ తలుపంత, అమ్మవారు పోస్టుకార్డంత. ఇంజన్ వేడిగాలి బయటికి పోయే దారి ఆ జాలీయే.

సాయిలు నా దగ్గరికి వచ్చాడు. “ఏంది సారూ ఇది? మొహానికి గుడ్డ కడితే దానికి ఊపిరెట్ల ఆడుతది?”

నేను వెళ్లి అదే మాట చెప్పాను. మార్కెటింగ్ మేనేజరు నవ్వాడు. “అరగంట పూజకి ఊపిరాడక చచ్చిపోదు లెండి, ఇంజనీరు గారూ. పండగ మాకొదిలేసి మీరు వైర్లు చూసుకోండి.”

వెంటనే అభ్యంతరాన్ని రెండు ప్రతుల్లో రాసి, ఒకటి ఫెసిలిటీస్ మేనేజరుకిచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. ఆయన చదవకుండానే పెట్టాడు. పూజలో నాకు మూడో వరుసలో, పూలకుండీ వెనక కుర్చీ వేశారు.

పూజ ముగిసి నేనూ సాయిలూ తప్ప అందరూ భోజనాలకు పైకి వెళ్లారు. బ్యానర్ విప్పేవాళ్లూ వాళ్లతోనే వెళ్లారు. అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ తనంతట తానే అందుకుంది. మేమిద్దరం బ్యానర్ ముడులు విప్పబోతుండగానే, ఏడెనిమిది నిమిషాలకు ఇంజన్ నీళ్లు మరిగి, హెచ్చరిక గంట మోగి ఆగిపోయింది. ఇంజన్ చల్లబడితే తప్ప మళ్లీ తిప్పకూడదు. బ్యానర్ తియ్యనిదే చల్లబడదు. పై అంతస్తుల్లో అమెరికా పని నడుస్తోంది. లాగ్‌బుక్‌లో డ్యూటీ ఆపరేటరుగా ఉన్న పేరు సాయిలుది. భవనం ఆగిపోతే మెమో అతనికే. ఆపై ఉద్యోగమే పోవచ్చు.

ముడులు ఇంకా చేతికి లొంగలేదు. మా పనిముట్లన్నీ పీట మీదున్నాయి. సాయిలు వాటివైపు చూశాడు, నావైపు చూశాడు. ముట్టమనే మాట నేను చెప్పేది కాదు.

అతను చెప్పులు విడిచి పీటకు దణ్ణం పెట్టాడు. “తల్లీ, ఇది నీ పనే. తప్పు పట్టకు” అని కుంకుమ బొట్టుతోనే కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. నాలుగు తాళ్లూ తెగాయి. సెల్‌ఫోన్ బొమ్మ గుమ్మడికాయ చెక్కల మీద బోర్లా పడింది. పది నిమిషాలు ఆగి, నీళ్ల వేడి చూసి జనరేటర్ తిప్పాం. బ్యాటరీల్లో ఇంకా కొంత ఓపిక మిగిలే ఉంది. సాయిలు ప్లేయర్ తుడిచి, మళ్లీ పీట మీదే పెట్టాడు.

మర్నాడు పండగైనా సాయిలుకు మెమో సిద్ధమైంది, జనరేటర్ ఆగడం అతని నిర్లక్ష్యమని. నేను సంతకమున్న ప్రతిని ఫెసిలిటీస్ మేనేజరు బల్ల మీద పెట్టాను. ఈసారి చదివాడు. మెమో చింపేశాడు. నాకు మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

మరుసటి ఏడాది స్పాన్సరు లేడు, పత్రమూ లేదు. గుమ్మడికాయ సాయిలే కొట్టాడు. నేను మొదటి వరుసలో నిలబడ్డాను, కుర్చీలే వెయ్యలేదు. అంత తృప్తిగా జరిగిన పూజ నా ఉద్యోగంలో మరొకటి లేదు.

ఆ ఉదంతం నుంచి రెండు నియమాలు పెట్టుకుని రిటైరయ్యేదాకా పాటించాను. జనరేటర్ జాలీ ముందు దేవుడి పేరుతో కూడా ఏదీ కట్టనివ్వకూడదు. పూజకు పనిముట్లు పెట్టేటప్పుడు ఒక జతను పీట ఎక్కించకుండా పక్కన ఉంచుకోవాలి. రెండోది సాయిలు చెప్పింది.