బోర్డు మార్చిన కంపెనీ

2023. సోయా మార్కెట్‌కు వచ్చే రోజులు. నాందేడ్ వజీరాబాద్‌లో ఒక మందుల దుకాణం పైన మా ఆఫీసు. ధాన్యం బజారులో రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణాలకు బిల్లులు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లం. నేను కస్టమర్ సపోర్ట్ ఇన్‌చార్జిని. అంటే ధర్మాబాద్, భోకర్, హిమాయత్‌నగర్ వ్యాపారులు తిట్టే తిట్లన్నీ ముందుగా నా చెవినే పడేవి. ఇక్కడ పేర్లు మార్చి రాస్తున్నాను.

కంపెనీ పేరు గంగామాయి. యజమాని ప్రశాంత్, భోకర్ ఊరి అబ్బాయి. తెలివైనవాడు, కాస్త తొందర మనిషి. ఆ ఏడు ‘రీబ్రాండింగ్’ చేద్దామన్నాడు. పేరు, గుర్తు, రంగు అన్నీ మార్చి కంపెనీని కొత్తగా చూపించడమన్నమాట. పుణె నుంచి ఏజెన్సీ వాళ్లు వచ్చి, పలకబోతే నాలుక మడతపడే ఇంగ్లీషు పేరొకటి తెచ్చారు. ఊరూరా హోర్డింగులు, ఆటోల వెనక పోస్టర్లు అన్నారు. ఖర్చు భరించాల్సింది మాత్రం మా ఇన్వెస్టర్ లక్ష్మణ్ సేటు. ధర్మాబాద్‌లో పప్పుల వ్యాపారి. ప్రశాంత్‌ను నమ్మి కంపెనీలో వాటా తీసుకున్న పెద్దమనిషి.

మీటింగులో సేటు స్లయిడ్లన్నీ చూసి కళ్లద్దాలు తీశాడు.

“పేరు మార్చకు బేటా. మంచిగ లేదు.”

“ఎందుకు కాకా? కారణం చెప్పుండ్రి,” అన్నాడు ప్రశాంత్.

“బజారుల బాగుండది. అంతే.”

ఏజెన్సీ కుర్రాడు హిందీలో, “మీ దగ్గర డేటా ఏమైనా ఉందా సర్?” అని అడిగాడు. సేటు కిటికీ వైపు చూశాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాం, నాతో సహా. మళ్లీ మళ్లీ అడిగితే చివరికి, “నీ ఇష్టం. కానియ్యి,” అన్నాడు.

దసరా తర్వాత హోర్డింగులు లేచాయి. ‘పాతది మరిచిపోండి, కొత్తగా మొదలుపెడదాం’ అని మరాఠీలో, తెలుగులో. వారం తిరక్కుండానే హిమాయత్‌నగర్ నుంచి ఒక అడ్తిదారు ఫోన్ చేశాడు.

“అక్కా, మీ కంపెనీ దివాలా తీసిందట గదా? నా హిసాబంత అండ్లనే ఉన్నది. ఇప్పుడు నేనేం జేయాలె?”

“ఎవరన్నరు అన్నా? పేరే మారింది, అంతే!”

“దివాలా తీసినోడే గద బోర్డు మార్చేది!”

మా బజార్లలో మునిగిన దుకాణం పాత బోర్డు దించి, భార్య పేరుతోనో బావమరిది పేరుతోనో మళ్లీ తెరుచుకుంటుంది. ఆ సంగతి పుణె వాళ్లకు తెలియదు. మాకు తెలిసీ తట్టలేదు. సేటు డబ్బు పెట్టి మరీ, మేం దివాలా తీశామని మేమే ఊరూరా చాటింపు వేసుకున్నాం!

నేను దుకాణం దుకాణం తిరిగి నచ్చజెప్పాను. అందరూ టీ ఇచ్చారు, తల ఊపారు. రెన్యూవల్, అంటే ఏటా కట్టే రుసుము, మాత్రం చాలామంది కట్టలేదు. ఎండాకాలం రాకముందే ఆఫీసు మూతపడింది. తాళం వేస్తూ ప్రశాంత్ ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

తర్వాత ధర్మాబాద్ వెళ్లి సేటును కలిశాను. పోయిన డబ్బు ఊసే ఎత్తలేదాయన.

“మా నాయిన దుకాణం మునిగినప్పుడు బోర్డు నేనే దించిన బిడ్డా. మా అమ్మ పేరు మీద కొత్తది ఎక్కిచ్చిన. ఎదురొచ్చి రామ్‌రామ్ అనెటోళ్లు గా దినం నుంచి పక్క సందులకెల్లి పోయిండ్రు.”

“గీ మాట మీటింగుల ఎందుకు చెప్పలే కాకా?”

“గా పోరగాండ్ల ముందట, మా నాయిన దివాలా తీసిండని ఎట్ల చెప్పాలె?”

ఇప్పుడు వేరే కంపెనీలో పని చేస్తున్నాను. ఎవరైనా కారణం చెప్పకుండా ‘వద్దు’ అంటే, పదిమందిలో నిలదీయను. తర్వాత విడిగా కలుస్తాను. పేరు మార్చే ఆ మీటింగు రోజు, మధ్యలో టీకి లేచాం. సేటు గ్లాసు పట్టుకుని వరండాలో ఒక్కడే నిలబడ్డాడు. మేమందరం లోపల కొత్త రంగులు చూసుకుంటూ ఉండిపోయాం.